సారును ఏడిపించిన కావ్యం

నోరు పడిపోయిన మనిషికి చెవులు కూడా పడిపోయి ఉంటాయని లోకం అనుకుంటుంది. అమెరికాలో షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో యాదయ్య సారును పరామర్శించడానికి వచ్చిన తెలుగువాళ్ళంతా అలాగే అనుకున్నారు. మంచం దగ్గర వంగి, "హౌ ఆర్ యూ అంకుల్" అని ఊరవతలికి వినిపించేలా ఒక కేక పెట్టేవారు. ఆ తర్వాత ఆయన తల మీదుగా మీనాక్షమ్మను చూసి, "ముందునుంచీ బీపీ ఉండేదా ఆంటీ, పచ్చళ్ళు బాగా తినేవారా" అని విచారణ మొదలుపెట్టేవారు. విచారణ పూర్తయ్యాక దిండు పక్కన మొహం పెట్టి ఒక ఫోటో తీసుకునేవారు. ఫోటోలో వాళ్ళ మొహాలు దిగులుగా ఉండేవి. ఫోన్ దించగానే మామూలైపోయేవి.

యాదయ్య సారు నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పాడు. ఆరు కథల పుస్తకాలు రాశాడు. ఆ ఆరిటికీ ఎంత పేరొచ్చిందో, బాగాలేని పుస్తకాన్ని బాగుందని ఒక్క ముక్క రాయడన్న పేరు అంతకు రెట్టింపు వచ్చింది. ముందుమాట కోసం వచ్చినవాళ్ళకు చాయ్ పోసి, చదివి, "ఇది అచ్చేస్తే కాగితం బాధపడ్తది" అని చెప్పి పంపిన మనిషి. అట్లాంటివాడు కూతురు జాహ్నవి ఇంటికి ఆరు నెలల కోసం వచ్చి, తిరుగు ప్రయాణానికి పదకొండు రోజులున్నాయనగా, వంటింట్లో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పట్టుకున్నట్టే కూలబడ్డాడు. కుడిచెయ్యి, కుడికాలు, నాలుక, మూడూ ఒకేసారి సెలవు పెట్టాయి. బుర్ర మాత్రం ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఇప్పుడు ఆయనకొచ్చిన కష్టమంతా దానితోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్ట్రోక్ తర్వాత కొందరికి ఏడుపు మీద పట్టు పోతుందట. లోపల దుఃఖం ఉండనక్కర లేదు, కళ్ళు వాటంతట అవే కారతాయి. డాక్టరు చెప్పిన ఈ మాటను జాహ్నవి తెలుగులో విడమరిచి చెప్పింది. అప్పటికే సారు టీవీలో కారు టైర్ల ప్రకటన చూసి వెక్కి వెక్కి ఏడ్చి ఉన్నాడు. అల్లుడు ఫణి గ్యారేజీ తలుపు తీస్తే ఏడ్చాడు. పొద్దున ఉప్మా గిన్నె చూసి ఏడిస్తే, "ఇది మాత్రం అసలు ఏడుపే అయ్యుంటది. జీడిపప్పు ఎయ్యలె" అంది మీనాక్షమ్మ.

ఇంట్లోవాళ్ళకు ఇదంతా తెలుసు. బయటివాళ్ళకు తెలియదు. ఆ సందులోంచే దూరాడు ఉమాకాంత్.

ఉమాకాంత్ ఫణి పనిచేసే కంపెనీలో డైరెక్టర్, ఫణికి పైవాడు. ఫణి హెచ్ వన్ వీసా ఎక్స్‌టెన్షన్ మీదా, గ్రీన్ కార్డ్ ఫైలింగ్ మీదా ఆయన ఉత్తరం పడాలి. వారంలో ఐదు రోజులు డైరెక్టర్, మిగతా రెండు రోజులు కవి. ప్రవాస కవితా కుటీరం అని ఒక సంఘం పెట్టి, దానికి తనే అధ్యక్షుడై, ఏటేటా తనకే ఏకగ్రీవంగా ఓటేసుకుంటాడు. ఆయన నూట నలభై ఆరు పేజీల కావ్యం ఒకటి రాశాడు. పేరు 'మంచుగడ్డపై మందారం'. పరామర్శకు వస్తూ వస్తూ ఒక చేతిలో ఆపిల్ పండ్ల సంచీ, ఇంకో చేతిలో ఆ కావ్యం పట్టుకొచ్చాడు. పండ్లు మీనాక్షమ్మకిచ్చి, కావ్యం తన దగ్గరే ఉంచుకున్నాడు. అటుదిటైనా బాగుండేదని సారు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"మాస్టారూ, మీకు కాస్త ఉపశమనంగా ఉంటుందని," అంటూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు ఉమాకాంత్. భార్య గీతాంజలి ఫోన్ పట్టుకుని మంచం కాళ్ళ వైపు నిలబడింది. ఎంతో కాలంగా చేస్తున్న పనిలాగా వెలుతురు ఎటునుంచి పడుతుందో చూసుకుంది.

"ఓ మంచూ, నీవు తెల్లని తల్లివి. నేను నల్లని పిల్లవాడిని. మన మధ్య వెచ్చని హీటరే కదా మన నాన్న," అని గొంతు వణికించి చదివాడు.

తల్లి సరే, పిల్లవాడు సరే, ఈ హీటరు నాన్న ఏ సందులోంచి వచ్చాడురా అని సారు లోపల లోపలే వెతుక్కుంటున్నాడు. పదో తరగతి పిల్లవాడు ఇట్లా రాస్తే బెంచీ ఎక్కించేవాడు. పేజీ తిరిగింది. మంచు పోయి మిషిగన్ సరస్సు వచ్చింది. సరస్సుకు వడ్డాణం పెట్టారు. వడ్డాణానికి మువ్వలు కూడా కట్టారు. వడ్డాణానికి మువ్వలేమిటని సారు నాలుక మీద మాట తయారైంది గానీ నాలుక కదల్లేదు. సరిగ్గా అప్పుడే, దేనికో దేవుడికే తెలియాలి, ఆయన కళ్ళు ధారకట్టాయి. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఉమాకాంత్ చదవడం ఆపాడు. తన పుస్తకం వంక తనే భయభక్తులతో చూసుకున్నాడు.

"వచ్చిందా?" అన్నాడు భార్యతో, గుసగుసగా.

"మొత్తం వచ్చిందండీ," అంది గీతాంజలి.

సాయంత్రానికి ఆ వీడియో ప్రపంచంలోని తెలుగువాళ్ళందరికీ చేరింది. 'ఎవరినీ మెచ్చని మహా కథకుణ్ణి కన్నీరుమున్నీరు చేసిన కావ్యం' అని దాని కింద రాశారు. మర్నాటినుంచి పరామర్శల తీరు మారిపోయింది. ఎవరూ పచ్చళ్ళ సంగతి అడగడం లేదు. అందరి చంకలోనూ ఒక నోటుబుక్కు. ఒక పళ్ళ డాక్టరు తన ఇష్టదైవం మీద రాసుకున్న శతకం తెచ్చి, సారు ముప్పై ఏడో పద్యానికి గానీ ఏడవకపోయేసరికి, "ముందు పద్యాల్లో ఏమైనా లోపం ఉందంటారా ఆంటీ" అని మీనాక్షమ్మను నిలదీశాడు. ఒక తల్లి తన కూతురు దియ బడిలో రాసిన ఇంగ్లీషు కవిత చదివించింది. సారు ఏడవలేదు. "తాతగారు అలసిపోయారు," అని ఆ తల్లి పిల్లను చెయ్యి పట్టుకుని చకచకా తీసుకుపోయింది. సారుకు ఆ పిల్ల కవిత ఒక్కటే నచ్చింది. అందులో ఒక కుక్క వానలో తడిసి ఇంటికొస్తుంది, అంతే. మువ్వలూ లేవు, వడ్డాణమూ లేదు.

గురువారం ఉమాకాంత్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒకే ఒక కాగితం తెచ్చాడు.

"ఆదివారం మీ ఆరోగ్యం కోసం శుభాకాంక్షల సభ పెడుతున్నామండి మాస్టారూ. ఎలిమెంటరీ స్కూల్ కఫెటేరియా బుక్ చేశాం. రెండొందల మంది వస్తారు. ఆ సభలోనే మన పుస్తకం ఆవిష్కరణ. మీ ముందుమాట లేకుండా నాకు మనసొప్పలేదు. మీకు శ్రమెందుకని నేనే డ్రాఫ్ట్ చేశాను."

చదివాడు. 'నా జీవితంలో ఇంతటి కావ్యం చదవలేదు' అని మొదలైంది. 'ఈ కావ్యం చదివాక నేను కలం పట్టడం మానేద్దామనుకున్నాను' అని మధ్యలో ఉంది. 'ఇదే నా చివరి సంతకమైనా నాకు విచారం లేదు' అని ముగిసింది. మనిషి బతికి కోలుకుంటున్నాడన్న సంగతి రాసేటప్పుడు గుర్తులేనట్టుంది.

సారు దగ్గర ఒక తెల్లబోర్డు ఉంది. ఎడమచేత్తో రాయడం నేర్పిస్తున్న థెరపిస్టు ఇచ్చింది. ఇన్నాళ్ళూ దాని మీద 'నీళ్ళు', 'చాలు', 'ఫ్యాన్' అనే రాశాడు. ఇప్పుడు దాన్ని ఒళ్ళోకి లాక్కుని, కింది పెదవి పళ్ళ మధ్య పట్టుకుని, బలపం పట్టిన మొదటిరోజు పిల్లాడిలాగా గీతలు గీసి, 'వద్దు' అని రాశాడు. కష్టపడి రాసినా అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి.

ఉమాకాంత్ చదివాడు. మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. మరుక్షణం చేతులు జోడించాడు. "సన్మానం వద్దంటున్నారు. చూశావా గీతా, ఎంత వినయమో. లేదు మాస్టారూ, మీరు వద్దన్నా మేం వినం." లేచి, గుమ్మం దగ్గర ఫణి భుజం తట్టి, "ఫణీ, కాస్త చూడు. నీ పేపర్స్ కూడా నెక్స్ట్ వీక్ నా టేబుల్ మీదికి వస్తున్నాయి," అన్నాడు. రెండు మాటల మధ్యా ఊపిరి కూడా తీసుకోలేదు.

శనివారం మధ్యాహ్నం ఫణి మామగారి మంచం అంచున కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు. పొద్దున ఐదున్నరకు లేచి రైలెక్కి షికాగో పోయి, సాయంత్రం వచ్చి మామగారి కాళ్ళకు వ్యాయామం చేయించేవాడు.

"మామయ్యా, ఒక్క సైన్ చేసెయ్యండి. ఎవరు చదువుతారు చెప్పండి ముందుమాటలు. ఈయన లెటర్ ఇయ్యకపోతే నా ఎక్స్‌టెన్షన్ ఆగిపోతది. అరవై రోజుల్లో ఇంకో జాబ్ చూసుకోవాలె, లేకుంటే అందరం ఇండియాకు పోవాలె. మీ ఫాలో అప్‌లు, థెరపీ, అన్నీ ఇక్కడే ఉన్నయి. జాహ్నవి మీకు చెప్పొద్దన్నది. నేనే చెప్తున్న."

సారు అల్లుడి మొహం చూస్తూ ఉండిపోయాడు. వీడు అబద్ధం చెప్పడం లేదు. వీడి బతుకు నిజంగానే ఆ హీటరు నాన్న చేతిలో ఉంది. కళ్ళు మళ్ళీ కారడం మొదలుపెట్టాయి. ఫణి టిష్యూ పేపరు తీసి తుడిచి, "సారీ మామయ్యా," అని లేచి వెళ్ళిపోయాడు.

మీనాక్షమ్మ బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. ఆమెకు సాహిత్యం మీద పెద్ద గౌరవం లేదు. నలభై ఎనిమిదేళ్ళుగా దాన్ని వండి వడ్డిస్తున్న మనిషి.

"సారూ, నీకు కోపమొస్తున్నది, నాకు తెలుసు. అయితే ఒకటి యాదికి తెచ్చుకో," అంది మడత ఆపకుండా. ఊరంతా సారు అంటే ఆమె కూడా సారు అనే అనేది. "మన పెండ్లయిన రెండేండ్లకు. నీ మొదటి పుస్తకం. ఉస్మానియా దవాఖానల ఆ పెద్ద రచయిత మంచాన పడి ఉండె. నువ్వు డజన్ బత్తాయిలు తీస్కపోయినవు. నేను వొలిచిన. ముక్కుల గొట్టమున్న మనిషికి బత్తాయిలేందని నర్సు తిట్టింది. ముందుమాట నువ్వే రాస్కపోయినవు. ఆయన చెయ్యి పట్టుకుని నువ్వే సంతకం పెట్టిచ్చినవు. యాదికుందా?"

యాదికి లేకేం. నలభై ఆరేళ్ళుగా ఒక్కరోజు కూడా మరిచింది లేదు. ఆ ముందుమాట వల్లనే పుస్తకాన్ని నలుగురూ చదివారు. ఆ నలుగురి వల్లనే యాదయ్య యాదయ్య అయ్యాడు. తర్వాత తను ఎవరికీ అబద్ధపు ముందుమాట రాయకపోవడాన్ని లోకం నిక్కచ్చితనం అనుకుంది. దాని కింద ఏముందో తనకూ భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు.

"ఆయన గూడ ఏడ్చిండు," అంది మీనాక్షమ్మ. "నీ కథలు చూసి సంతోషపడి ఏడ్చిండని బస్సుల నాకు చెప్పినవు. నేను గూడ నిజమే అనుకున్న. ఇప్పుడు నిన్ను చూసినంక తెలుస్తున్నది ఆయన ఎందుకేడ్చిండో."

సారు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఉమాకాంత్ మీద ఉన్న రోతకు ఇంతకాలం ఒకటే మొహం ఉండేది. ఇప్పుడు దాని పక్కన ఇంకో మొహం వచ్చి కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రమొహం. చేతిలో బత్తాయిల సంచీ.

ఆదివారం కఫెటేరియా నిండింది. పిల్లలు తినే పొట్టి బల్లలన్నీ గోడలకు చేర్చి కుర్చీలు వేశారు. గోడ మీద 'కూరగాయలు తిందాం' అని ఇంగ్లీషు పోస్టర్లు, వాటి కింద సారు ఫోటో. ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి శుభాకాంక్షలు చెప్పారు. ఆరు పుస్తకాల్లో ఒక్కదాని పేరు కూడా ఎవరి నోటా రాలేదు. ఒకాయన సారు కథలు చదవలేకపోయానని, తనకు టైం లేదని, అయినా ఆయనంటే ప్రాణమని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇంకో ఆవిడ ఆయన రాయని నవల ఒకదాన్ని ఆకాశానికెత్తింది. చక్రాల కుర్చీలో కూర్చుని సారు అన్నీ విన్నాడు. రావలసిన చోట ఏడుపు రాలేదు. సమోసా ట్రే ముందునుంచి పోతుంటే వచ్చింది. ఫోటోలు తీశారు.

చివరకు ఉమాకాంత్ ముందుమాట చదివి, కాగితాన్ని అట్టకు తగిలించి సారు ఒళ్ళో పెట్టి, ఎడమచేతికి పెన్నిచ్చాడు. గీతాంజలి ఫోన్ కెమెరాను కాగితం మీదికి పెట్టింది. అది పెద్ద తెర మీద పడేలా ముందే ఏర్పాటు చేసుకున్నారు. సంతకాన్ని రెండొందల మందీ కళ్ళారా చూడాలని ఉమాకాంత్ కోరిక.

సారు తల ఎత్తి ఫణిని చూశాడు. ఫణి నేల చూస్తున్నాడు. జాహ్నవి తండ్రినే చూస్తోంది. ఏ వైపుకూ తల ఊపలేదు.

పెన్ను కదిలింది. తెర మీద తాటికాయంత 'ఇ' పడింది.

"ఇంటిపేరుతో సహా రాస్తున్నారండి," అన్నాడు ఉమాకాంత్ మైకులో. కొందరు చప్పట్లు కొట్టారు.

'ది' పడింది. సారు నుదుటి మీద చెమట. 'నేను' పడటానికి రెండు నిమిషాలు పట్టింది. 'రాయ' దగ్గర చెయ్యి జారి గీత కాగితం చివరిదాకా పోయింది. మళ్ళీ వెనక్కి తెచ్చుకున్నాడు. 'లేదు' రాసి, పెన్ను ఒళ్ళో పడేశాడు.

ఇది నేను రాయలేదు. గోడంత తెర మీద, కాకి కాళ్ళ అక్షరాల్లో.

ఉమాకాంత్ ఊరికే డైరెక్టర్ కాలేదు. రెండు సెకన్లలో తేరుకున్నాడు. "ఇది నేను రాయలేదు," అని తనే గట్టిగా చదివాడు. "నా హృదయం రాసింది. అదండీ మాస్టారంటే. ఎంత మాటన్నారండీ."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పట్లలో పళ్ళ డాక్టరు అందరికన్నా ముందున్నాడు. సారు కళ్ళు ధారలు కట్టాయి. గీతాంజలి కెమెరాను కాగితం మీదినుంచి మొహం మీదికి తిప్పింది.

అప్పుడు మీనాక్షమ్మ లేచింది. సభల్లో వెనక వరుసలో కూర్చుని స్వెట్టర్ అల్లుకునే మనిషి, నేరుగా వెళ్ళి ఉమాకాంత్ చేతిలోంచి మైకు తీసుకుంది.

"గుండె లేదు, గిండె లేదు," అంది. "ఆయన రాయలేదంటున్నడు. రాయలేదంటే రాయలేదనే. ఆ కాగితం ఈయనే రాస్కొచ్చిండు. గురువారం గూడ వద్దని రాసిచ్చిండు మా సారు. ఇగ ఈ ఏడుపంటరా, అది జబ్బు. పొద్దున ఉప్మా చూసి గూడ ఏడ్చిండు. అందరు మంచిగ ఉండుర్రి. సమోసాలు సల్లారుతున్నయి."

మైకు బల్ల మీద పెట్టి, కుర్చీ చక్రాల బ్రేకు తీసి, తనే తోసుకుంటూ బయటికి నడిచింది. వెనక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కారు ఫణి డ్రైవ్ చేస్తున్నాడు. సారును ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. రెండో సిగ్నల్ దగ్గర ఫోన్ మోగింది. కారు స్పీకర్లలోంచి మోగింది. డాష్‌బోర్డు మీద ఉమాకాంత్ పేరు. ఫణి ఎత్తాడు.

"సార్. సారీ సార్. స్ట్రోక్ కదా సార్, డాక్టర్ కూడా చెప్పిండు, కొంచెం కన్‌ఫ్యూజన్ ఉంటది. అత్తమ్మ కూడా ఏదో టెన్షన్లో…"

"నేనూ అదే అనుకున్నాను ఫణీ," అంది ఉమాకాంత్ గొంతు, చాలా చల్లగా. "పాపం, ఆయనకు తెలియకుండా రాశారు. అందరికీ అదే చెప్పాను. అయితే ఒక పని చేద్దాం. ముందుమాట అలాగే ప్రింట్‌కి పంపేస్తాను. ఆయన తేరుకున్నాక సంతకం తీసుకుందాం. నువ్వు ఫ్యామిలీ తరఫున ఓకే అన్నావని మెయిల్ ఒకటి పెట్టు చాలు. నీ లెటర్ కూడా రేపే పంపేస్తాను."

సారుకు నవ్వొచ్చింది, లోపల. తన ఏడుపును తీర్పనుకున్నారు. తన తీర్పును జబ్బనుకున్నారు. ఇక తన దగ్గర మిగిలిందేమీ లేదు. ఎడమచెయ్యి తొడ మీద ఊరికే పడి ఉంది. ఆయన అల్లుణ్ణి చూశాడు. బతిమాలే చూపు కాదది, బెదిరించే చూపూ కాదు. బత్తాయిల సంచీతో దవాఖాన మెట్లెక్కుతున్న కుర్రాణ్ణి చూసినట్టు చూశాడు.

సిగ్నల్ ఆకుపచ్చ అయింది. ఫణి కారు కదపలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

"ఫణీ, ఆర్ యూ దేర్?"

"ఉన్న సార్," అన్నాడు ఫణి. "కన్‌ఫ్యూజన్ ఏం లేదు సార్. నేను ఊరికే అన్న. ఆయన తెలిసే రాసిండు. ప్రింట్ చెయ్యొద్దు సార్. చేస్తే నేను మెయిల్ పెడ్త, ఆయన రాయలేదని. కుటీరం గ్రూప్ మొత్తానికి."



"సరే. మండే మాట్లాడుకుందాం," అన్నాడు ఉమాకాంత్. ఫోన్ పెట్టేశాడు.

ఫణి కారు కదిపాడు. వెనక సీట్లోంచి జాహ్నవి చెయ్యి చాపి అతని భుజం మీద వేసింది. అతను దాన్ని గమనించినట్టు లేదు. అర మైలు పోయాక అన్నాడు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా:

"మామయ్యా, ఆ కావ్యం నిజంగనే అంత చెత్తగా ఉందా?"

సారు తల ఊపాడు. ఈసారి ఊపు ఎవరికీ వేరేగా అర్థమయ్యేలా లేదు.

"నాకూ గట్లనే అనిపించేది. రెండేండ్లనుంచి ప్రతి శుక్రవారం మీటింగ్ అయినంక ఒక్కొక్క పేజీ చదివి వినిపించేవాడు. నేను ప్రతిసారీ సూపర్ సార్ అన్న. ఒక్కోసారి మళ్ళ చదవమన్న."

"మళ్ళ చదవమన్నవా?" అంది మీనాక్షమ్మ.

"అన్న అత్తమ్మా."

"అయితే ఆయనదేముంది తప్పు. మీరే సాకిండ్రు," అందామె కిటికీలోంచి చూస్తూ. ఇటు తిరిగి, "లెటర్ రాకపోతే ఎన్ని దినాలన్నవు?"

"అరవై."

"అరవై చాలు. రేపటినుంచి ఆయన కాళ్ళకు కసరత్తు నేను చేయిస్త. నువ్వు నౌకరి చూస్కో."